ట్యాంకులో క్లీనర్ పోసే ముందు వాల్వుల వెనక ఒకసారి చూడండి

ఇంజన్‌లో కార్బన్ పేరుకుంది, పెట్రోల్ ట్యాంకులో పోసే క్లీనర్ వాడితే పోతుందా అని అడిగారు. మీది డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ ఇంజన్ (పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే రకం) అయితే, గాలిని సిలిండర్‌లోకి వదిలే ఇంటేక్ వాల్వుల మీదది పోదు. మూడు సీసాలు పోసి చూశాకే ఈ మాట చెబుతున్నాను.

80,000 కిలోమీటర్లు దాటాక నా కారు పొద్దున్నే స్టార్ట్ చేయగానే వణకడం మొదలుపెట్టింది. లోపలి అద్దం అదిరిపోతుంటే వెనకున్నదేదీ సరిగ్గా కనిపించేది కాదు. రెండు నిమిషాలు ఆగి ఇంజన్ కాస్త వేడెక్కితే అంతా మామూలే. అందుకే సర్వీస్‌కు తీసుకెళ్లిన ప్రతిసారీ "బాగానే ఉంది కదండీ" అనేవాళ్లు. చెక్ ఇంజన్ లైటు వెలిగాక గానీ నా మాట నమ్మలేదు. స్కానర్ పెడితే పీ0302 అని వచ్చింది, అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్, పెట్రోల్ సరిగ్గా మండట్లేదని. ప్లగ్గులు మార్చారు, తగ్గలేదు. కాయిల్ మార్చారు, తగ్గలేదు. ఆ తర్వాత ఒక పైపు తగిలించి గంటసేపు ఏదో గ్యాస్ ఎక్కించి, డీకార్బనైజింగ్, అంటే కార్బన్ తీసే పని, అయిపోయిందన్నారు. మర్నాడు పొద్దున మళ్లీ అదే వణుకు.

ఈ డీకార్బనైజింగ్ గురించి ఒక మాట చెప్పాలి. 10,000 కిలోమీటర్లు తిరిగిన కొత్త బండికి కూడా దీన్ని బిల్లులో రాసేస్తున్నారు. లోపల కార్బన్ ఉందో లేదో చూసినవాళ్లు ఎవరూ ఉండరు. ప్లగ్ రంధ్రంలోంచో ఇంటేక్ వైపు నుంచో సన్నటి కెమెరా పెట్టి చూడటం పెద్ద పనేం కాదు. ముందు ఫొటో చూపించమనండి, బిల్లు సంగతి తర్వాత.

చివరికి ఒక పాత మెకానిక్ ఇంటేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) విప్పేసి, టార్చి నా చేతికిచ్చి "మీరే చూడండి సార్" అన్నారు. వాల్వు కడ్డీ కనిపించాల్సిన చోట నల్లటి పెచ్చు కట్టి ఉంది. మాడిన గిన్నె అడుగులా గరుకుగా ఉంది, పైన మాత్రం కాస్త జిడ్డు. ఆయన స్క్రూడ్రైవర్ మొనతో గీకితే ఒక ముక్క ఊడి వచ్చింది. వేళ్ల మధ్య నలిపి చూశాను, నూనె మసి. రెండో సిలిండర్ వాల్వుల మీద మిగతావాటికంటే మందంగా పట్టింది.

కారణం తేలికే. పోర్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో పెట్రోల్ ఇంటేక్ వాల్వు వెనకే చిమ్ముతుంది, వాల్వును అదే కడుగుతూ ఉంటుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో నేరుగా సిలిండర్‌లోకి పోతుంది కాబట్టి వాల్వు వెనక ఆ కడుగుడు ఉండదు. పీసీవీ గొట్టంలోంచి (ఇంజన్ అడుగున చేరే ఆవిరిని తిరిగి గాలి దారిలోకి పంపే గొట్టం) వచ్చే ఆయిల్ ఆవిరి మాత్రం అక్కడికే చేరి, వేడికి మాడి అంటుకుపోతుంది. మీరు ట్యాంకులో పోసిన క్లీనర్ కూడా పెట్రోల్ దారినే పోవాలి కదా, వాల్వు వెనక్కి ఎలా వస్తుంది? పీఈఏ అనే మసి కరిగించే రసాయనం ఉన్న క్లీనర్లు ఇంజెక్టర్ మొనలకి, పిస్టన్ తలకి పనికొస్తాయి, కాదనను. టయోటా డీ-4ఎస్ ఇంజన్లలో రెండు రకాల ఇంజెక్టర్లూ ఉంటాయి, కాబట్టి వాల్వుకు ఆ కడుగుడూ దొరుకుతుంది. ఆ పని అందరూ ఎందుకు చేయరో అని నాకు ఇప్పటికీ కోపమే.

శుభ్రం చేయడానికి సాయంత్రం దాకా పట్టింది. క్రాంక్‌ను (పిస్టన్లను కదిలించే ఇరుసు) చేత్తో తిప్పి, ఒక సిలిండర్ ఇంటేక్ వాల్వులు రెండూ పూర్తిగా మూసుకున్నాకే ఆ సిలిండర్ పని మొదలుపెట్టాలి. లేకపోతే మసంతా లోపల పడుతుంది. పోర్టులో, అంటే వాల్వు వెనక గాలి దారిలో, క్లీనర్ పోసి, అరగంట నాననిచ్చి, ఇత్తడి బ్రష్‌తో రుద్ది, వాక్యూమ్‌తో లాగేశారు. మొదటిసారి వచ్చింది తారులా ఉంది. నాలుగో విడతకి వాల్వు లోహం రంగు బయటపడింది. అక్రోట్ పెంకుల పొడిని గాలి ఒత్తిడితో కొట్టే మెషిన్ దొరికితే ఇంకా త్వరగా అవుతుంది. ఆ పొడి లోహం కంటే మెత్తన, వాల్వుకు గీతలు పడవు.

డీజిల్ బండి అయితే ముందు ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపేది), మానిఫోల్డ్ చూడమనండి, మసి చేరేది ఎక్కువగా అక్కడే.

హైవే మీద ఎర్రగీత దాకా రేస్ ఇస్తే కార్బన్ కాలిపోతుందని చెప్పేవాళ్లు ఉంటారు. నేను అదీ చేశాను. గట్టిపడ్డ పెచ్చు అలా ఊడదు. ఇప్పుడు కారు కంపెనీ చెప్పిన గ్రేడ్ ఆయిలే వాడుతున్నాను, గడువు కంటే ముందే మారుస్తున్నాను. ఇంజన్ వేడెక్కకముందే ఆపేసే చిన్న చిన్న తిరుగుళ్లు తగ్గించాను.

ఆ తర్వాత 25,000 కిలోమీటర్లకు మళ్లీ కెమెరా పెట్టించాను. వాల్వుల మీద అప్పటికే పలచటి నల్లపొర ఉంది, కానీ స్టార్టింగ్‌లో వణుకు లేదు. ఏమీ ముట్టుకోకుండా మూసేయమన్నాను.