అవతలి వకీలుతో చాయ్ తాగితే మా వకీలు అమ్ముడుపోయినట్టేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ అన్నదమ్ముల భూమి పంపకం కేసు ఆరేళ్లుగా నడుస్తోంది, మీరూ మీ అన్నా ఒకవైపు, మీ తమ్ముడు అవతలివైపు. మొన్న పేషీలో మీ వకీలు, అవతలి వకీలు జడ్జి ముందు గట్టిగా వాదించుకున్నారు. అరగంట తర్వాత చూస్తే ఇద్దరూ క్యాంటీన్‌లో ఒకే బల్ల దగ్గర నవ్వుకుంటూ చాయ్ తాగుతున్నారు. మీ అన్న "మనోడు అమ్ముడుపోయిండు, మార్చేద్దాం" అంటున్నాడు. ఏం చేయాలని అడిగారు.

ఆ చాయ్ ఒక్కటే కారణమైతే మార్చకండి. నేనిప్పుడు నల్లగొండలో వకీలునే, కానీ ఈ మాట ఒక కక్షిదారు బిడ్డగా చెబుతున్నాను. సరిగ్గా ఇదే అనుమానంతో మా నాయిన వకీలును మార్చాడు. ఆ నష్టం మా తోటలో ఇప్పటికీ కనబడుతుంది.

మాది దేవరకొండ వైపు ఒక పల్లె. తాత పంచిచ్చిన బత్తాయి తోటలో సగం మాది, సగం పెద్దనాయినది. బావి మాత్రం ఉమ్మడి, అది పెద్దనాయిన వాటాలో పడింది. మా చెట్లకు నీళ్లు రావాలంటే పైపు ఆయన పొలంలోంచే రావాలి. 2003 వేసవిలో ఆయన ఆ పైపు తీసేయించాడు. నాయిన కోర్టుకెక్కాడు. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. ఇంట్లో చదువు వచ్చినదాన్ని నేనే కాబట్టి ప్రతి పేషీకి వెంట తీసుకుపోయేవాడు. కాయితాల సంచి నా చేతిలో ఉండేది.

మా మొదటి వకీలు నెమ్మదైన మనిషి. కోర్టులో గొంతు పెంచేవాడు కాదు. ఒకరోజు వాయిదా పడ్డాక బయటికొస్తే, వేపచెట్టు కింద ఆయనా పెద్దనాయిన వకీలూ భుజాల మీద చేతులేసుకుని నవ్వుతున్నారు. బస్సులో నాయిన ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, కలపకుండానే లేచిపోయాడు. "సొంత అన్నదమ్ములం, మేం మాట్లాడుకోక రెండేండ్లయింది. మా పైసలు తీసుకున్నోళ్లు మాత్రం భుజాల మీద చేతులేసుకుంటరా" అన్నాడు. ఆ బాధను నేను ఇప్పటికీ తక్కువ చేసి చూడను. మీ అన్నకు కలిగిందీ అదే అయ్యుంటుంది.

ఫైలు అడగడానికి పోయినప్పుడు ఆ వకీలు కారణం అడగలేదు. వేరే వకీలును పెట్టుకోవడానికి అభ్యంతరం లేదని నో అబ్జెక్షన్ రాసి దస్కతు పెట్టాడు. బాకీ ఫీజు ఊసే ఎత్తలేదు. "పంపకాల కాయితం రాసిన పెద్దమనిషికి వయసు మీద పడ్డది, ముందు ఆయన సాక్ష్యం పెట్టించుకోండి, ఆలస్యం చేయొద్దు" అని మాత్రం చెప్పాడు. నాయిన ఆ మాటనూ అనుమానంగానే విన్నాడు.

రెండో వకీలుకు మంచి గొంతు. అవతలివాళ్ల మీద కేకలేస్తుంటే నాయిన ముఖం వెలిగిపోయేది. కోర్టులో వేసిన కాయితాల్లో పెద్దనాయినను దొంగ, తాగుబోతు అని రాశాడు. పెద్దనాయిన జన్మలో కల్లు ముట్టిన మనిషి కాదు, ఆ సంగతి మాకూ తెలుసు. అవతలి వకీలు తల్లి పోయి దినాల్లో ఉన్నప్పుడు, ఆయన జూనియర్ వచ్చి పదిహేను రోజులు గడువు అడిగాడు. మావాడు లేచి అభ్యంతరం చెప్పాడు. ఆ మధ్యాహ్నం నాయిన అతనికి హోటల్లో భోజనం పెట్టించాడు. నేనూ సంతోషించాను.

ఏడాది తిరక్కుండానే, పంపకాల కాయితం రాసిన ఆ పెద్దమనిషి వాకిట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఈసారి గడువు కావలసింది మాకు. అవతలి వకీలు లేచి నిలబడి ఒప్పుకోనన్నాడు. జడ్జి ఫైలు తిరగేసి, అప్పటికే పడిన వాయిదాలు చూసి, మా వైపు సాక్ష్యం ముగిసిందని రాసేశారు. దాన్ని మళ్లీ తెరిపించడానికి పిటిషన్, దానికి కౌంటర్, వాదనలు, చివరికి ఖర్చులు కట్టమని ఆర్డర్. పద్నాలుగు నెలలు పట్టింది. మధ్యలో రెండు వేసవులు పోయాయి. నూటపది చెట్లలో నలభైకి పైగా ఎండిపోయాయి. బత్తాయి కాపుకు రావాలంటేనే నాలుగైదేళ్లు పెంచాలి. తీర్పు చివరికి మావైపే వచ్చింది. పైపు వేసుకునే హక్కు దక్కేనాటికి, నీళ్లు పెట్టాల్సిన చెట్లలో చాలా భాగం లేవు. ఆ రోజు అవతలి వకీలు చేసింది తప్పే. కానీ ఆ కయ్యాన్ని మొదలుపెట్టింది మేము, అదీ ఆయన తల్లి దినాల్లో.

లా చదివి 2011లో ఎన్‌రోల్ అయ్యాక నేను జూనియర్‌గా చేరింది మా మొదటి వకీలు దగ్గరే. కొన్నాళ్లకు ధైర్యం చేసి ఆ వేపచెట్టు సంగతి అడిగాను. ఆయనకు ఆ రోజే గుర్తులేదు. "పైపు ఎక్కడ తీసేశారో చూడడానికి కమిషనర్‌ను వేయిద్దామని అనుకున్నామేమో" అన్నాడు. కమిషనర్ అంటే కోర్టు తరఫున స్థలం చూసి రిపోర్టు ఇచ్చే మనిషి. నాయిన అన్నం మానేసిన రోజు ఆయనకు అన్ని రోజుల్లాంటిదే.

చాయ్ దగ్గర వకీళ్లు ఏం మాట్లాడుకుంటారో రోజూ చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. కమిషనర్ పొలం చూడడానికి ఏ రోజు వస్తే ఇద్దరికీ వీలు, ఏ కాయితాలను ఎవరూ కాదనడం లేదు, వచ్చే తారీఖుకు ఏ సాక్షి వస్తాడు, లోక్ అదాలత్‌లో రాజీకి మీవాళ్లు ఏమంటున్నారు, ఇలాంటివే ఎక్కువ. పంపకం కేసుల్లో ఈ చివరిది చాలా ముఖ్యం. అక్కడ రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు తిరిగొస్తుంది, అక్కడిచ్చే తీర్పు (అవార్డు) మీద అప్పీలు కూడా ఉండదు. పిల్లల చదువులు, మోకాళ్ల నొప్పుల ముచ్చట్లూ ఉంటాయి. రోజుకు ఎనిమిది గంటలు ఒకే ఆవరణలో, ఏళ్ల తరబడి కలిసి పనిచేసే మనుషులు వాళ్లు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఒక పార్టీకి వకీలు ఉంటే, ఆ కేసు గురించి అవతలి వకీలు నేరుగా ఆ పార్టీతో మాట్లాడకూడదు, వాళ్ల వకీలు ద్వారానే మాట్లాడాలి. ఇది వకీళ్ల మీద అజమాయిషీ చేసే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లోనే ఉంది. కాబట్టి మీ వకీలు అవతలి వకీలుతో మాట్లాడటం నియమం చూపించిన దారే. ఆయన మీ వెనకాల మీ తమ్ముడి ఇంటికి పోయి మాట్లాడి ఉంటే అప్పుడు అనుమానపడాలి. కక్షిదారు చెప్పినదల్లా వల్లించే మనిషిగా వకీలు ఉండకూడదని, అవతలివాళ్ల మీద అనవసరమైన నిందలు రాయకూడదని కూడా ఆ నియమాలే చెబుతాయి. మా రెండో వకీలు పెద్దనాయినను తాగుబోతని రాసింది నాయిన ఉత్సాహం చూసే. ఆపాల్సింది ఆ వకీలే, కానీ ఆపలేదు.

కక్షిదారు వెనక బెంచీలో కూర్చుని చూస్తుంటే వకీలు మీద ఒత్తిడి ఎంతుంటుందో నేనూ అనుభవించాను. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో, అవతలి వకీలు దారిలో బస్సు చెడిపోయిందని నాకు ఫోన్ చేసి, జడ్జి గారికి ఆ మాట చెప్పమన్నాడు. కేసు పిలిచారు. మా కక్షిదారు నా వైపే చూస్తున్నాడు. నేను నోరు విప్పలేదు. అవతలి వాళ్లను ఎక్స్‌పార్టీ చేశారు, అంటే వాళ్లు లేకుండానే కేసు నడిపించాలని ఆర్డర్ వేశారు. తర్వాత వాళ్లు పిటిషన్ వేసి దాన్ని తీయించుకున్నారు, మాకు ఆరు నెలలు పోయాయి తప్ప ఏమీ రాలేదు. ఆ రోజు సాయంత్రం ఆ వకీలు మా ఆఫీసు ముందు నుంచే పోతూ, ఏమీ అనకుండా నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారం ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

మీ ప్రశ్న చివర్లో "జడ్జి గారు కూడా వీళ్ల మనిషేమో" అని రాశారు. ఇక్కడ గీత ఎక్కడుందో తెలుసుకోండి. వకీలూ వకీలూ చాయ్ తాగొచ్చు. నడుస్తున్న కేసు గురించి వకీలు జడ్జితో విడిగా మాట్లాడటం మాత్రం నిషేధం, బార్ కౌన్సిల్ నియమం ఇందులో ఏ సందూ ఇవ్వదు. జడ్జీల వైపు నుంచీ అంతే. 1997లో సుప్రీంకోర్టు జడ్జీలంతా కలిసి ఆమోదించిన న్యాయమూర్తుల విలువల పత్రంలో, తమ కోర్టులోనే ప్రాక్టీసు చేసే వకీళ్లతో దగ్గరి స్నేహాలు వద్దని, బంధుమిత్రుల కేసులు వినొద్దని ఉంది. బెంచీ మీద నవ్వుతూ పలకరించడం వేరు. జడ్జి మర్యాదగా ఉంటే ముందుగా ఊపిరి పీల్చుకునేది బోనులో నిలబడ్డ మనిషే. ఒక జడ్జి గారు, చందంపేట వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ సాక్ష్యం చెబుతుంటే కుర్చీ వేయించి, "అమ్మా, తొందరేం లేదు, నీళ్లు తాగి చెప్పు" అన్నారు. అంతవరకు తడబడ్డ ఆమె, సరిహద్దు రాళ్లు ఎక్కడెక్కడున్నాయో వరసగా చెప్పింది. అరిస్తే ఆ సాక్ష్యం వచ్చేది కాదు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైనదీ చూశాను. ఇంకో కోర్టులో ఒక జడ్జి, తెలుగు మీడియంలో చదువుకున్న జూనియర్ అమ్మాయి ఇంగ్లీషును నిండు కోర్టులో వెక్కిరించారు. ఆమె వారం రోజులు కోర్టుకు రాలేదు. కొందరు వెంటనే విధుల బహిష్కరణ అన్నారు. వకీళ్లకు సమ్మె చేసే హక్కు లేదని సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. అదీకాక బహిష్కరణ రోజున నష్టపోయేది దూరం నుంచి బస్సెక్కి వచ్చిన మీలాంటివాళ్లు. మా సీనియర్లు నలుగురు, వాళ్లలో వాళ్లకు కేసుల్లో పడకపోయినా, కలిసి ఆ జడ్జి చాంబర్‌కు పోయి సూటిగా చెప్పారు. ఆ తర్వాత ఆయన అలా మాట్లాడటం నేను వినలేదు. చెప్పినా మారకపోతే రాతపూర్వకంగా హైకోర్టుకు పంపడమే సరైన దారి. జిల్లా కోర్టుల జడ్జీల మీద అజమాయిషీ దానిదే.

ఇక మీ వకీలు నిజంగా మోసం చేస్తున్నాడా అని చూడాలంటే క్యాంటీన్ వదిలి ఫైలు చూడండి. ఫోన్‌లో ఈకోర్ట్స్ యాప్ వేసుకుని మీ కేసుకు కోర్టు ఇచ్చిన సీఎన్‌ఆర్ నంబరు కొట్టండి, పదహారు అక్షరాలూ అంకెలూ ఉంటాయి. ఏ తారీఖున ఏం జరిగిందో వస్తుంది. వాయిదాలు ఎవరి వల్ల పడ్డాయో ఆర్డర్ల నకళ్లు తీసుకుంటే తెలుస్తుంది. మీవైపు నుంచే పదేపదే గడువు అడిగి ఉంటే అది అడగాల్సిన విషయం. మీకు చెప్పకుండా రాజీ కాయితం పడితే, మీరు నమ్మి చెప్పిన గుట్టు అవతలివాళ్ల నోట వినబడితే, గెలిచిన భూమిలో వాటా ఇవ్వమంటే, అవి అసలైన తప్పులు. మీ తరఫున వాదించే అధికారం వకీలుకు ఇచ్చే వకాల్తా ఫారం మీద దస్కతు పెట్టే ముందు చదవండి. చాలా అచ్చు ఫారాల్లో రాజీ చేసే అధికారం కూడా వకీలుకు ఇచ్చినట్టు రాసి ఉంటుంది.

అలాంటిది ఏదైనా తేలితే నిరభ్యంతరంగా మార్చుకోండి. ఫీజు బాకీ ఉందని ఫైలు ఆపుకునే హక్కు వకీలుకు లేదని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద తెలంగాణ బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. తప్పు రుజువైతే మందలింపు, కొంతకాలం సస్పెన్షన్, లేదా ఎన్‌రోల్‌మెంటే తీసేయడం దాకా ఉంటుంది. వినియోగదారుల కమిషన్‌కు పోదామని ఎవరైనా అంటే వినకండి. వకీళ్ల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని 2024 మేలో తీర్పు వచ్చింది.

దానికన్నా ముందు ఒక పని చేయండి. పేషీ లేని ఒక సాయంత్రం మీరూ మీ అన్నా కలిసి వకీలు ఆఫీసుకు పోండి. కేసు పిలిచే హడావిడిలో వద్దు. "సార్, మొన్న మీరూ ఆయనా చాయ్ తాగుతుంటే చూసినం, మాకు మనసులో పడ్డది, రాజీ ముచ్చట ఏమన్నా వచ్చిందా?" అని నేరుగా అడగండి. మా నాయిన ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. ఆయన ఏమన్నాడో, మీ అన్నకు ఎలా అనిపించిందో ఇక్కడ రాయండి. మార్చాలా వద్దా అనేది అప్పుడు మాట్లాడుకుందాం.