గట్టిగా ఉంది, పడగానే విరిగింది!

ప్రశ్న: పాత ఆకురాయి ఒకటి పడి ఉంటే దాంతో కూరగాయల కత్తి చేశాను. బొగ్గుల్లో ఎర్రగా కాల్చి బకెట్ నీళ్లలో ముంచాను, పదును అదిరిపోయింది. రెండో రోజే చేయి జారి గచ్చు మీద పడి రెండు ముక్కలైంది. ఉక్కే మంచిది కాదంటారా?

జవాబు: ఉక్కుని ఏమీ అనకండి, అది చాలా మంచిది. మంచి ఆకురాయిలో కార్బన్ 1 శాతం పైనే ఉంటుంది, అందుకే కాల్చి ముంచగానే అంత గట్టిపడింది. కానీ అలా గట్టిపడిన ఉక్కు గాజుతో సమానం, మళ్లీ కాస్త వేడిచేసి ఆ పెళుసుదనం తగ్గించాలి. మీరు వదిలేసింది ఆ మెట్టే.

ఆ ముక్కలు పారేయకుండా విరిగిన చోట ఒకసారి చూడండి. సన్నటి బూడిదరంగు నలుసులా ఉంటే కాల్చడం సరిగ్గానే జరిగింది, పంచదార పలుకుల్లా మెరుస్తుంటే మరీ ఎక్కువ కాల్చేశారు. ఒక మూల నల్లగా కనిపిస్తే మాత్రం కత్తి కింద పడక ముందే, నీళ్లలో ముంచినప్పుడే బీట కొట్టిందన్నమాట (ముంచగానే 'టింగ్' మని చప్పుడు వచ్చిందేమో గుర్తు తెచ్చుకోండి).

ఈసారి ముందు ఎర్రగా కాల్చి బూడిదలో పూడ్చి రాత్రంతా వదిలేయండి, మెత్తబడుతుంది. ఆకురాయి పళ్లన్నీ పూర్తిగా అరగదీయాలి, చూడ్డానికి బాగున్నాయని కొందరు ఉంచుకుంటారు గానీ బీటలు మొదలయ్యేది ఆ గీతల్లోంచే. అంచుని ఇప్పుడే పలచన చేయకుండా 1 మిల్లీమీటరు మందం ఉంచండి. మళ్లీ కాలుస్తూ మధ్యమధ్యలో అయస్కాంతం ఆనించి చూడండి, అది అంటుకోవడం మానేశాక ఇంకొంచెం ఎర్రబడనిచ్చి, 50-60 డిగ్రీలకి వేడిచేసిన వంటనూనెలో తిన్నగా ముంచండి. నూనె భగ్గుమనొచ్చు కాబట్టి ప్లాస్టిక్ బకెట్ వద్దు, లోతైన ఇనప డబ్బా, దాని మీద మూసేందుకు మూత, ఇవన్నీ ఆరుబయటే. చల్లారాక అంచు మీద ఇంకో ఆకురాయితో రుద్దితే కొరక్కుండా జారిపోవాలి. అప్పుడు ఆలస్యం చేయకుండా ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర గంట చొప్పున రెండుసార్లు ఉంచండి. మెరుగుపెట్టిన చోట ఎండుగడ్డి రంగు వస్తే చాలు.

ప్రశ్న: బిల్డింగ్ పనిలో మిగిలిన ఇనప ఊచతో చేసిన కత్తి ఎన్నిసార్లు కాల్చి ముంచినా గట్టిపడటం లేదు. నూనె మార్చాలా?

జవాబు: నూనె కాదు, ఊచ మార్చాలి. మామూలు ఊచలో కార్బన్ 0.2-0.3 శాతమే ఉంటుంది, కత్తికి అది చాలదు. లారీ కమాన్ పట్టీ ముక్క దొరికితే అందులో సుమారు 0.6 శాతం ఉంటుంది, కాకపోతే ఏళ్ల తరబడి బరువు మోసింది కాబట్టి కంటికి కనపడని బీటలు ఉండొచ్చు. ఏదో తెలియని ఇనుము దొరికితే గ్రైండర్‌కి ఆనించి చూడండి: నిప్పురవ్వలు పొడుగ్గా గీతల్లా పోతే మెత్తటి ఇనుము, చివర్లో కాకరపువ్వొత్తుల్లా చిట్లుతుంటే కార్బన్ ఎక్కువున్నట్టు. జింక్ పూత ఉన్న ఇనుము మాత్రం కొలిమిలో పెట్టకండి, ఆ పొగ పీలిస్తే చలిజ్వరం వస్తుంది.

ప్రశ్న: అంతా బాగా కుదిరాక చివర్లో గ్రైండర్ మీద పదును పెడుతుంటే కత్తి కొన నీలంగా మారింది. రుద్దితే రంగు పోయింది, పర్లేదా?

జవాబు: రంగు పోయింది గానీ మెత్తదనం పోలేదు. నీలం వచ్చిందంటే అక్కడ వేడి 300 డిగ్రీల దాకా వెళ్లింది, ఆ కొన ఇక పదును నిలుపుకోదు. నీలం ఎంతవరకు వచ్చిందో అంతవరకు అరగదీసి కత్తిని కాస్త పొట్టి చేసుకోండి, లేదంటే మళ్లీ కాల్చడం దగ్గర్నుంచి మొదలుపెట్టండి. ఈసారి గ్లవ్స్ లేకుండా పట్టుకోండి, కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి, వేలికి వేడి తగలగానే నీళ్లలో ముంచి మళ్లీ ఆనించండి.