పాత డాబా ముందువైపు జాలీ పీకేయకండి

అమలాపురంలో మీ నాన్నగారు 1965లో కట్టిన డాబా ముందుగోడ పెచ్చులూడి కళ తప్పింది, సిమెంటు జాలీ తీసేసి టైల్స్ వేయిద్దామా అని అడిగారు కదండీ. వద్దండీ బాబూ! ఆ జాలీ, ఆ పొడవాటి సన్‌షేడే ఇంటికి అందం. అసలు గొడవ చెమ్మది. గోదావరి డెల్టాలో భూమిలోని నీరు పైపైనే ఉంటుంది, పునాదిలోంచి గోడకి ఎక్కుతుంది. టైల్స్ వేస్తే వాటి వెనక ఇరుక్కుని ఇంకా పైకి పాకుతుంది. ముందు గోడవారన పేరుకున్న మట్టి తీయించి, వాననీరు కాలవ వైపు పోయేలా వాలు పెట్టించండి. ఉబ్బిన పెచ్చులు గోకించి, ఎండాకాలమంతా ఆరనిచ్చి, పుట్టీ జోలికి పోకుండా సున్నం వేయించండి. జాలీకి పట్టిన నాచు బ్రష్‌తో రుద్దితే సగం పని అయినట్టే. గేటు రంగు మీ ఇష్టం. ఆ క్రోటన్ల గుబురు మాత్రం కొట్టించండి, మీరు పంపిన ఫొటోలో సగం ఇల్లు దాని వెనకే ఉంది.