అద్దె కోసం కొంటున్నారా? ముందు లెక్క వేయండి

ప్రశ్న: మాది పాలకొల్లు, ఉద్యోగం భీమవరంలో. నేనూ మావారూ కలిసి 16 లక్షలు కూడబెట్టాం. భీమవరంలో 42 లక్షలకి డబుల్ బెడ్రూం ఫ్లాట్ చూశాం, అద్దె 11 వేలు వస్తుందంటున్నారు, మిగతా డబ్బుకి లోను. మా చిన్నాన్నేమో అమలాపురం వైపు లేఅవుట్‌లో 5 సెంట్ల స్థలం కొనమంటున్నారు. పాలకొల్లులో 4 సెంట్లలో అమ్మ పేరు మీద డాబా ఇల్లుంది, అమ్మ ఒక్కతే ఉంటోంది, తమ్ముడు బెంగళూరులో. మాకు నెలనెలా అద్దె రావాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?
(ఒక పాఠకురాలు)

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాట అమ్మగారి డాబా గురించి రాసిందే. దాని సంగతికి వస్తాను, ముందు ఫ్లాట్ చూద్దాం.

42 లక్షలంటే ఖర్చు అక్కడితో ఆగదు. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం. పూర్తి ధర మీద కడితే 3 లక్షల 15 వేలు, ఇది మీ చేతిలోంచే పోవాలి. ఇక 30 లక్షల లోను ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్లకి తీసుకుంటే ఈఎంఐ 26 వేలు. అద్దె ఏడాదికి ఒక నెల రాదనుకోండి, ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు దిగేలోపు ఆ మాత్రం పోతుంది. మిగిలిన 1,21,000లో అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, ఇంటిపన్ను, సున్నాలు, కుళాయి రిపేర్లు తీసేస్తే 90 వేలు మిగిలితే గొప్ప. 45 లక్షల మీద 90 వేలంటే 2 శాతం! ఎఫ్‌డీ వడ్డీ కూడా ఇంతకన్నా ఎక్కువే. అద్దె పోను నెలకి పద్దెనిమిది వేలకు పైగా మీ జీతాల్లోంచే కట్టాలి, అదీ ఇద్దరి ఉద్యోగాలూ సాఫీగా సాగినంత కాలం. ధర పెరుగుతుందిగా అని ఎవరైనా అంటారు. పెరగొచ్చు, కానీ మీరు అడిగింది నెలనెలా వచ్చే అద్దె. అందుకే నేను వద్దంటాను.

చిన్నాన్నగారు చెప్పిన స్థలం మీద రూపాయి అద్దె రాదు కాబట్టి మీ అవసరానికి అది అసలు సరిపోదు. అయినా ఎప్పటికైనా కొంటారేమో కాబట్టి చెప్తున్నా, డెల్టాలో స్థలాన్ని వేసవిలో చూసి బయానా ఇవ్వకండి. మంచి వానలు పడ్డాక ఆగస్టులోనో అక్టోబరులోనో వెళ్లి ఆ వీధిలో నీరు ఎన్ని రోజులు నిలుస్తుందో, పక్కన డ్రైను ఉందా లేదా, పొలాన్నో చెరువునో పూడ్చి లేఅవుట్ వేశారా అని చుట్టుపక్కల వాళ్లని అడగండి, ఎందుకంటే రోడ్డు ఎత్తుకి మట్టి తోలించడానికి అయ్యే ఖర్చు బ్రోకరు చెప్పిన ధరలో ఉండదు. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో ఉందేమో చూడాలి, ఈసీ (ఆ స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం) తీయించాలి, లింకు డాక్యుమెంట్లు, అంటే పాత దస్తావేజులు, లాయరుతో చదివించాలి. ఉమ్మడి ఆస్తయితే ఆ ఇంటి ఆడపిల్లల సంతకాలు ఉన్నాయా అని తప్పకుండా చూడండి, మన రాష్ట్రంలో ఆడపిల్లలకి ఆ వాటా 2005 కేంద్ర చట్టం కంటే ముందే, హిందూ వారసత్వ చట్టానికి చేసిన 1986 సవరణతోనే వచ్చింది. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), అగ్రిమెంటు కాగితాలు మాత్రమే చేతిలో పెడతామంటే వద్దనండి, వాటితో హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చేసింది.

ఇప్పుడు అమ్మగారి ఇల్లు. పైన 750 చదరపు అడుగుల పోర్షన్ వేస్తే, అడుగుకి 2 వేలు చొప్పున 15 లక్షలు. అద్దె 7 వేలే అనుకున్నా, ఖాళీ నెలా రిపేర్లూ పోను ఏడాదికి 70 వేలు మిగులుతాయి, అంటే నాలుగున్నర శాతం పైనే. లోను లేదు, స్థలం కొనే పని లేదు, పైగా అమ్మగారికి పైన మనుషులుంటారు. ఈ చివరి మాటకి నేను అద్దె కంటే ఎక్కువ విలువిస్తాను.

అయితే రెండు పనులు ముందు జరగాలి. ఒకటి, ఆ పునాది పై అంతస్తుకి ఆగుతుందా అన్నది మేస్త్రీ మాట మీద వదిలేయకండి. మన నల్లమట్టి వానలకి ఉబ్బి ఎండలకి కుంగుతుంది, అందులో ఒక అంతస్తుకే వేసిన పాత పునాది మీద ఇంకో శ్లాబు ఎక్కిస్తే గోడలు బీటలిస్తాయి. స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలిపించండి, ఆయన సరే అన్నాక మున్సిపాలిటీలో ప్లాను పాస్ చేయించుకోండి. ఆయన కాదంటే ఆ ఆలోచన మానేయండి, డబ్బు బ్యాంకులో ఉండనివ్వండి.

రెండోది తమ్ముడు. ఇల్లు అమ్మ పేరు మీద ఉండగా మీరు 15 లక్షలు పోస్తే, రేపు అది మీ డబ్బని చెప్పే కాగితం ఏదీ ఉండదు. ఇప్పుడు అందరూ బాగున్నారు కాబట్టి ఇప్పుడే కూర్చుని మాట్లాడండి. పై భాగాన్ని అమ్మగారు మీకు సెటిల్‌మెంట్ దస్తావేజు (సొంతవాళ్లకి ఆస్తి రాసిచ్చే పత్రం) రాసి రిజిస్టరు చేయిస్తే, తమ్ముడు సాక్షి సంతకం పెడితే మంచిది. అడగడానికి మొహమాటంగానే ఉంటుంది, అయినా అడగండి.

టు లెట్ బోర్డు పెట్టాక వచ్చేవాళ్లు మొదట అడిగేది నీళ్ల గురించే. సముద్రం వైపు, రొయ్యల చెరువుల వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి మున్సిపల్ కుళాయి పైకి వచ్చేలా విడిగా ట్యాంకు పెట్టించండి. పై పోర్షన్‌కి కరెంటు మీటరు కూడా వేరుగా తీసుకోండి.

ప్రశ్న: తణుకులో రెండు పోర్షన్లు అద్దెకిచ్చాం, రెండూ కలిపి నెలకి 12 వేలు. ఈ మొత్తం మీదా ఇన్‌కంట్యాక్స్ కట్టాలా?

జవాబు: మొత్తం మీద కాదు. ఏడాదికి 1,44,000లో మీరు కట్టిన ఇంటిపన్ను తీసేయాలి, అది 4 వేలనుకుంటే 1,40,000. అందులో 30 శాతం రిపేర్ల కింద బిల్లులు చూపకుండానే తగ్గిస్తారు, 42 వేలు. మిగిలిన 98 వేలే మీ ఆదాయంలో కలుస్తుంది. ఇంటి మీద లోను ఉంటే వడ్డీ కూడా తగ్గుతుంది. ఒకవేళ వడ్డీయే అద్దెని మించితే ఆ నష్టాన్ని పాత పన్ను పద్ధతిలో 2 లక్షల దాకా జీతంలోంచి తగ్గించుకోవచ్చు, కొత్త పద్ధతిలో ఆ వీలు లేదు.