ప్రపంచంలోకెల్లా బుల్లి బల్లి గురించి ఏడేళ్ల పాపకి ఎలా చెప్పాలి?

"చాలా చిన్నది" అంటే మీ పాప ఊరుకోకపోతే స్కేలు చేతికివ్వండి. రూపాయి బిళ్ల మీద తోక చుట్టుకుని పడుకోగల ఆ బల్లి పేరు జరాగ్వా బల్లి. ఉండేది కరీబియన్ సముద్రంలో, డొమినికన్ రిపబ్లిక్ దక్షిణ కొసన ఉన్న బేయాటా దీవిలో. హెడ్జెస్, థామస్ అనే శాస్త్రవేత్తలు 2001లో దాని వివరాలు ప్రకటించారు.

ముందు 16 మిల్లీమీటర్ల గీత గీయించండి. పెద్దయిన బల్లి సగటు కొలత అది. బొమ్మ గీసేటప్పుడు చాలామంది పొరబడేది ఇక్కడే: ఆ 16 ముక్కు కొస నుంచి తోక మొదలు వరకే. తోక తెగి మళ్లీ మొలిచేది కాబట్టి కొలతలోకి తీసుకోరు. తోకకి దాదాపు ఇంకో అంత కలిపితే మొత్తం మూడు సెంటీమీటర్లు. మనింటి గోడమీద అప్పుడే పుట్టిన బల్లిపిల్ల కూడా దీనికంటే పొడుగే! కాలివేళ్లు గీస్తే ఒక్కో వేలి చివర గుండ్రటి మెత్త ఒకటే పెట్టించండి, మన బల్లికున్నట్టు చారలొద్దు. కళ్లకి రెప్పలాడవు, నాలుకతో తుడుచుకుంటుంది. గుడ్డు ఒకసారికి ఒక్కటే.

ఎండుటాకుల కింద ఎందుకు దాక్కుంటుందని తప్పకుండా అడుగుతుంది. పాములూ పక్షులూ అంటే సగం జవాబే. మిగతా సగం నీళ్లు. బంగాళాదుంపలోంచి 1 సెంటీమీటరు ఘనం ఒకటి, 3 సెంటీమీటర్ల ఘనం ఒకటి కోసి, సూదీ దారంతో గుచ్చి నీడలో వేలాడదీయండి. పళ్లెంలో పెడితే అడుగు తడిగానే ఉండి ఫలితం తేలదు. మర్నాటికి చిన్నది ముడుచుకుపోతుంది, పెద్దది కోస్తే లోపల ఇంకా తడే. చిన్నదానికి లోపలి సరుకు తక్కువ, దాంతో పోలిస్తే పైచర్మం ఎక్కువ. బల్లికీ అంతే. ఆకుల కింది చెమ్మ పోతే ఒళ్లు ఎండిపోతుంది. అడవి నరికితే దీనికి ప్రమాదం అందుకే. ఈ ప్రయోగం వానాకాలంలో పెట్టకండి, ముక్కలు ఎండకుండా బూజు పడతాయి.

పాత పుస్తకాల్లో "అతి చిన్న సరీసృపం" అని ఉంటే దిద్దండి. 2021లో మడగాస్కర్ నుంచి ప్రకటించిన ఊసరవెల్లి మగది తోక కాకుండా 13.5 మిల్లీమీటర్లే.