ఓపీలో కేసు చీటీ రాసే పాపకు

పాపా,

ఇంటర్లో ఎంపీహెచ్‌డబ్ల్యూ, అంటే ఆరోగ్య కార్యకర్తల కోర్సు పూర్తి చేసి కర్నూలులో డాక్టరుగారి దగ్గర చేరావని మీ అమ్మ ఫోన్ చేసింది. చానా సంతోషం. పేషెంటు లోపలికి పోయేలోపు వివరాలు అడిగి రాసిపెట్టడం నీ పనంట కదా. "రాయడమేగా పెద్దమ్మా" అన్నావంట. కాదు తల్లీ. నీకిచ్చింది చిన్న పని కాదు.

1975లో ఇంగ్లండు డాక్టర్లు ఓపీకి కొత్తగా వచ్చిన 80 మందిని గమనించి చూశారు. వేరే డాక్టరు రాసి పంపిన రెఫరల్ ఉత్తరం చదివి, పేషెంటు చెప్పింది విన్నాక డాక్టరు ఏ జబ్బు అనుకున్నారో, 66 మంది విషయంలో చివరికి అదే తేలింది. ఒంటి మీద చెయ్యి వేసి చూడడం, టెస్టులు అన్నీ ఆ తర్వాతే. నువ్వు రాసే నాలుగు లైన్లకు అంత విలువ ఉంది. కోర్సులో సూది వెయ్యడం, బీపీ చూడడం, కట్టు కట్టడం నేర్పించి ఉంటారు. మనిషిని కూర్చోబెట్టి ఎలా అడగాలో నువ్వు పనిలోనే నేర్చుకోవాలి.

"ఏమైందమ్మా?" అని అడిగి, పెన్ను పక్కన పెట్టు. వాళ్ళు ఆగేదాకా మధ్యలో మాట్లాడొద్దు. మన వైపు బొడ్డు నుంచి గొంతు దాకా ఎక్కడ ఇబ్బందైనా "గ్యాస్ పట్టింది" అంటారు. అది గుండెపోటే అయినా, నువ్వు చీటీలో "గ్యాస్ ట్రబుల్" అని రాస్తే చదివే డాక్టరుగారి మనసు కూడా అటే పోతుంది. అందుకే జబ్బు పేరు రాయకు, వాళ్ళ మాటే రాయి. "ఎక్కడో చూపించు పెద్దాయనా" అను. నడిస్తే ఎక్కువై కూర్చుంటే తగ్గుతోందా, చెమటలు పట్టాయా, ఎడమ చెయ్యి, దవడ లాగుతున్నాయా అని అడుగు. షుగర్ ఉన్నవాళ్ళకు ఛాతీ నొప్పే లేకుండా ఒట్టి ఆయాసం, నీరసం మాత్రమే ఉండొచ్చు. ఇలాంటి మనిషి కనిపిస్తే మిగతా ప్రశ్నలు వదిలెయ్యి. టోకెన్ వరుస చూడకుండా లోపలికి పోయి చెప్పు, వెంటనే ఈసీజీ తీస్తారు.

మూతి వంకర పోయినా, మాట తడబడినా అంతే. అప్పుడు ఒక్కటే అడుగు: ఆఖరుసారి బాగున్నది ఎప్పుడు? నిద్ర లేచేసరికే అలా ఉంటే, రాత్రి పడుకున్న టైము రాయాలి. పక్షవాతానికి రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు కాబట్టి ఆ టైము మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

వానాకాలంలో ఇంకొకటి మనసులో పెట్టుకో. పొలంలోనో ఇంట్లోనో నేల మీద పడుకున్న మనిషి తెల్లారి కడుపునొప్పి అని వస్తాడు. కట్లపాము కాటు చాలాసార్లు నొప్పి పుట్టదు, గాటు కూడా కనిపించదు. రెప్పలు వాలుతున్నాయా, మింగడం కష్టంగా ఉందా చూడు. "రాత్రి ఎక్కడ పడుకున్నావు?" అనే ప్రశ్న ఏ ఫారంలోనూ ఉండదు, నువ్వే అడగాలి.

"ఎప్పటి నుంచి?" అంటే "చానా దినాలాయె" అంటారు. ఉగాదికి ముందా, పీర్ల పండగ అయినాకనా, దసరాకు దేవరగట్టు బన్ని ఉత్సవానికి పోయినప్పుడు బాగుండెనా అని అడిగితే లెక్క దొరుకుతుంది. ఆడవాళ్ళ నెలసరి తేదీ కూడా ఇలాగే తేలుతుంది. అయితే అది అత్త పక్కన ఉన్నప్పుడు అడగొద్దు. ఆదోని వైపు నుంచి కన్నడం, ఉర్దూ మాట్లాడేవాళ్ళు వస్తారు. తల్లి బాధను పదేళ్ళ కొడుకు చేత చెప్పించొద్దు, పెద్దవాళ్ళను ఎవరినైనా పిలువు.

మందుల దగ్గర మాత్రం ఓపిక పట్టు. "మందులు వాడుతున్నావా?" అంటే "లేదు" అంటారు. రోజూ మింగే బీపీ గోళీ వాళ్ళ లెక్కలో మందు కాదు. బీపీకా, షుగర్‌కా, రక్తం పల్చబడే గోళీలా, నాటు మందా, ఊళ్ళో ఆర్‌ఎంపీ వేసిన సూదా, మెడికల్ షాపులో కొన్న నొప్పుల గోళీలా అని ఒక్కొక్కటే అడుగు. సంచిలో స్ట్రిప్పులుంటే తీయించి పేరు చూసి రాయి. పడని మందు ఉంటే చీటీ పైనే ఎర్ర ఇంకుతో రాయి.

చేసే పని కూడా రాయి. బేతంచెర్లలో బండల పాలిష్ చేసేవాడి దగ్గుకు రాతి దుమ్ము కారణం కావచ్చు. టీబీ కూడా కావచ్చు. రెండు వారాలు దాటిన దగ్గైతే కళ్ళె పరీక్ష సంగతి డాక్టరుగారికి గుర్తు చెయ్యి. మిరపకాయల కోతకు గుంటూరు పోయి మధ్యలో గోళీలు ఆపేసినవాళ్ళుంటారు. తిట్టావంటే మళ్ళీ నిజం చెప్పరు.

జబ్బు పేరు నువ్వు చెప్పొద్దు. "ఏం కాదులే" అని కూడా అనొద్దు. డాక్టరుగారు చెప్పకుండా ఒక్క గోళీ ఇవ్వొద్దు. ఎవరి విషయమూ బయటి బెంచీ దాకా పోకూడదు.

సాయంత్రం ఓపీ అయిపోయాక నువ్వు రాసిన రెండు చీటీలు తీసుకుని డాక్టరుగారి దగ్గరికి పో. నేను అడగనిది మీరు ఏం అడిగారు సార్ అని అడిగి, ఆ ప్రశ్న ఒక నోటుబుక్కులో రాసుకో. దసరాకు ఊరికి వచ్చేటప్పుడు ఆ బుక్కు తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెద్దమ్మ