పాఠకుల ప్రశ్నలు: తొలి ట్యాంకుల చైన్లు, గేర్లు

మొదటి ప్రపంచ యుద్ధం మీద ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ట్యాంకుల గురించే. అడిగిన వాటిలో అయిదింటికి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: ట్యాంక్‌బండ్ పక్కన పుట్టి పెరిగిన మాకు ట్యాంకంటే చెరువే. యుద్ధపు బండికి ఆ పేరెలా వచ్చింది? (కవాడిగూడ)

మాట ఒకటే. 1915లో ఇంగ్లండ్‌లోని లింకన్ పట్టణంలో, వ్యవసాయ యంత్రాలు చేసే విలియం ఫోస్టర్ కంపెనీలో ఈ బండి రహస్యంగా తయారవుతోంది. పని మొదలుపెట్టించింది నౌకాదళం చూసే మంత్రి చర్చిల్. అందుకే కాగితాల్లో దాని పేరు 'ల్యాండ్‌షిప్', అంటే నేల మీద నడిచే ఓడ. ఆ పేరు బయటికి పొక్కితే గుట్టంతా రట్టవుతుంది. మెసొపొటేమియా (నేటి ఇరాక్) ఎడారికి నీళ్లు మోసే తొట్టి చేస్తున్నామని కార్మికులకు చెప్పారు. రేకులు రివెట్లతో బిగించిన పెద్ద పెట్టె కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఆ డిసెంబరులో కాగితాల్లోనూ 'ట్యాంక్' అనే మార్చారు. మన చెరువుకూ, మేడ మీది నీళ్ల తొట్టికీ ఉన్న పేరే దానికీ నిలిచిపోయింది.

ప్రశ్న: చైన్ పొక్లెయిన్‌ను ఒక్క ఆపరేటర్ రెండు లివర్లతో ఉన్నచోటే గిర్రున తిప్పేస్తాడు. తొలి ట్యాంకు నడపడానికి నలుగురు కావాలట. ఎందుకని? (పటాన్‌చెరు)

పొక్లెయిన్‌లో ఒక్కో చైన్‌కు ఒక్కో హైడ్రాలిక్ మోటారు ఉంటుంది. ఒకదాన్ని ముందుకూ రెండోదాన్ని వెనక్కీ తిప్పితే బండి ఉన్నచోటే తిరుగుతుంది. 1916 నాటి మార్క్ వన్ ట్యాంకు 28 టన్నులు. దానికి ఉన్నది 105 హార్స్‌పవర్ డైమ్లర్ పెట్రోల్ ఇంజను ఒక్కటే. దాని శక్తి ముందు రెండు స్పీడ్ల గేర్‌బాక్సులోకి, అక్కణ్నుంచి డిఫరెన్షియల్‌లోకి (రెండు వైపులూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరికలోకి) వెళ్లి, ఆ తర్వాత కుడి ఎడమలుగా చీలుతుంది. వెనక ఒక్కో వైపు మళ్లీ రెండేసి స్పీడ్ల గేర్లున్నాయి. ఆ వెనక గేర్లు డ్రైవర్ చేతికి అందవు. వాటి దగ్గర వైపుకొకరు చొప్పున ఇద్దరు గేర్‌మెన్ కూర్చునేవారు. ముందు డ్రైవర్, అతని పక్కన బ్రేకులు పట్టుకుని కమాండర్. బండి నడపడానికే నలుగురయ్యారు. తుపాకుల దగ్గర మిగిలింది ఇంకో నలుగురు.

ఎడమకు తిరగాలనుకోండి. డ్రైవర్ ముందు బండిని పూర్తిగా ఆపాలి, డిఫరెన్షియల్‌ను లాక్ చెయ్యాలి. ఇంజను కవరు మీద ఠంగుమని కొట్టి, వెనక్కి తిరిగి వేళ్లతో సైగ చెయ్యాలి. ఆ రొదలో మాట వినపడదు. ఎడమ గేర్‌మన్ తన గేరును న్యూట్రల్‌కు తెస్తాడు, కుడివైపు గేరు అలాగే ఉంటుంది. డ్రైవర్ క్లచ్ వదులుతాడు, కమాండర్ ఎడమ చైన్‌కు బ్రేకు వేస్తాడు. కుడి చైన్ ఒక్కటే లాగుతుంది కాబట్టి బండి ఎడమకు మళ్లుతుంది. తిరిగాక మళ్లీ ఆపి, గేరు వేసి, లాక్ తీస్తే గానీ ముందుకు పోదు. శత్రువు కళ్లెదుట ప్రతి మలుపుకూ ఇదే తంతు. చిన్న మలుపుల కోసం వెనక రెండు ఇనప చక్రాల తోక తగిలించారు గానీ, గుంతల నేల మీద అది పనికిరాలేదు. కొద్ది నెలల్లోనే తీసేశారు.

ఇంజనుకూ మనుషులకూ మధ్య గోడ లేదు. లోపల వేడి 50 డిగ్రీలకు చేరేది. పైపుల కీళ్ల నుంచి కారే కార్బన్ మోనాక్సైడ్‌కు మనుషులు స్పృహ తప్పేవారు. అందులో కూర్చుని యుద్ధం చేసినవాళ్ల ఓర్పుకు దండం పెట్టాలి. 1918లో ఇంజనీరు వాల్టర్ విల్సన్ చేసిన ఎపిసైక్లిక్ గేర్లతో (నడిమి గేరు చుట్టూ చిన్న గేర్లు తిరిగే రకం) మార్క్ ఫైవ్ వచ్చాకే ఒక్క డ్రైవర్ బండిని నడపగలిగాడు.

ప్రశ్న: ట్యాంకు చుట్టూ చైన్ ఎందుకు? పైన ఫిరంగితో తిరిగే గోపురం ఎందుకు లేదు? (మల్కాజిగిరి)

రెండింటికీ కారణం కందకమే. సైన్యం అడిగింది ఇది: 8 అడుగుల కందకం దాటాలి, నాలుగున్నర అడుగుల గట్టు ఎక్కాలి. 1915 సెప్టెంబరులో తయారైన మొదటి బండికి అమెరికా నుంచి తెప్పించిన ట్రాక్టర్ చైన్ తగిలించారు. బండి కందకం మీదికి రాగానే కింద ఆనిక లేక చైన్ వేలాడిపోయేది. అవతలి గట్టు ఎక్కేటప్పుడు బిగుసుకుని రోలర్ల మీదికి సరిగ్గా కూర్చోక ఊడిపోయేది. ఫోస్టర్ కంపెనీ అధిపతి విలియం ట్రిటన్ అచ్చులో ఒత్తిన ఉక్కు పలకలను లింకులకు రివెట్ చేసి కొత్త చైన్ చేశాడు. లింకుల అంచులు ఫ్రేమును పట్టుకునేలా పెట్టాడు. దాంతో వేలాడటం ఆగింది. నా లెక్కన ట్యాంకు పుట్టింది ఫిరంగి బిగించిన రోజున కాదు, ఈ చైన్ నిలిచిన రోజున.

ఎత్తు గట్టు ఎక్కాలంటే చైన్ ముక్కు దగ్గర ఎత్తుగా ఉండాలి. అందుకే దాన్ని బండి పై నుంచే చుట్టూ తిప్పారు. దాని మీద గోపురం పెడితే బరువు పైకి పోయి ఒరిగిపోతుందని ఫిరంగులను పక్కల డబ్బాల్లో పెట్టారు. పూర్తిగా తిరిగే గోపురంతో వచ్చింది ఫ్రెంచివాళ్ల ఆరున్నర టన్నుల రెనో ఎఫ్‌టీ. మనుషులు ఇద్దరే, ఇంజను వెనక. నేటి ట్యాంకులు దాదాపు అన్నీ ఆ పోలికే.

ప్రశ్న: ఒకప్పుడు బొల్లారంలో ఉన్న డెక్కన్ హార్స్ గుర్రపు దళం, తొలి ట్యాంకులు ఒకే చోట పోరాడాయంటారు. నిజమేనా? (బొల్లారం)

చోటు ఒకటే, తేదీలు వేరు. నిజాం ఖర్చుతో బ్రిటిష్‌వారు నడిపిన కంటింజెంట్ సైన్యంలో మూలాలున్న 20వ డెక్కన్ హార్స్ 1916 జులై 14 సాయంత్రం ఫ్రాన్స్‌లోని సొమ్ దగ్గర, హై వుడ్ అనే అడవి పక్కన, పంట చేలలో బల్లేలతో గుర్రాల మీద దూకింది. రాత్రికి వెనక్కి రాక తప్పలేదు. సెప్టెంబరు 15న అదే అడవిలోకి నాలుగు ట్యాంకులు పంపారు. వాటిలో కొన్ని ఫిరంగి దెబ్బలకు విరిగిన చెట్ల మొద్దుల మీద పొట్ట ఆని, చైన్లు గాల్లో తిరిగి ఆగిపోయాయి. ఆ రోజు ట్యాంకులు తొలిసారి యుద్ధానికొచ్చాయి. కేటాయించిన 49లో బయల్దేరే చోటికి చేరినవి 32. పైగా, ట్యాంకులు నడిచే దారుల్లో బ్రిటిష్ ఫిరంగులు కొట్టకుండా వదిలేశాయి. ట్యాంకు రాని చోట జర్మన్ మెషీన్‌గన్లు చెక్కు చెదరకుండా మిగిలి, వెనక వచ్చిన కాల్బలాన్ని పొట్టన పెట్టుకున్నాయి.

1917 నవంబరు 20న ఫ్రాన్స్‌లోని కాంబ్రే దగ్గర 476 ట్యాంకులతో దాడి గెలిచిన రోజున కూడా 179 ఆగిపోయాయి. వాటిలో శత్రువు కొట్టినవి 65. యంత్రం చెడినవి 71, కూరుకుపోయినవి 43. డెక్కన్ హార్స్ తర్వాత గుర్రాలు వదిలి ట్యాంకులెక్కింది. 1965లో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర షెర్మన్ ట్యాంకులెక్కి పాకిస్తాన్ సైన్యంతో పోరాడింది.

ప్రశ్న: స్కూల్ ఎగ్జిబిషన్‌కు మార్క్ వన్ నమూనా చేస్తున్నాను. కొలతలు చెప్పగలరా? చైన్ పదేపదే ఊడుతోంది. (ఉప్పల్)

20వ వంతు కొలత తీసుకోండి. తోక లేకుండా పొడవు 40 సెం.మీ., పక్క డబ్బాలతో వెడల్పు 21, ఎత్తు 12. అసలు బండికి ఒక్కో చైన్‌లో 90 పలకలు. ఫ్రేము చుట్టూ దారం పెట్టి కొలిచి 90తో భాగించండి. ఒక్కో పలక సెంటీమీటరు లోపే వస్తుంది. చైన్ వెడల్పు 2.6 సెం.మీ. సైకిల్ ట్యూబును పట్టీగా కోసి, పలకల మధ్య సన్నని సందు వదిలి అంటించండి. ఊడుతున్నది ట్యూబు సాగి వేలాడటం వల్లే. ట్రిటన్ చేసిన పనే చేయండి. ప్రతి అయిదో పలక లోపలి వైపు రెండంచులకూ చిన్న ఎల్ ఆకారపు ముక్కలు అంటించి, ఫ్రేము అంచును పట్టుకునేలా పెట్టండి.

కోఠి గుజరాతీ గల్లీలో 60 ఆర్‌పీఎం గేర్ మోటార్లు రెండు తెచ్చుకోండి, వైపుకొకటి. వెనక 3 సెం.మీ. పళ్ల చక్రానికి బిగిస్తే సెకనుకు 9 సెం.మీ. పైగా నడుస్తుంది. అసలు బండి వేగం గంటకు 6 కి.మీ., ఈ కొలతలో అది దాదాపు సరిపోతుంది. బ్యాటరీలు నడుమ, అడుగున పెట్టండి. పైన ఉంటే గట్టు ఎక్కేటప్పుడు వెనక్కి పల్టీ కొడుతుంది. పైకప్పు మీద చేతి బాంబులు దొర్లిపోయేలా వాలుగా పెట్టిన కోళ్ల జాలీ వెయ్యడం మరవకండి. చివర్లో రెండు బల్లల మధ్య 12 సెం.మీ. సందు వదిలి దాటించి చూడండి. అది 8 అడుగుల కందకానికి సమానం. ముక్కు సందులోకి దిగిపోతే బ్యాటరీలను సెంటీమీటరు వెనక్కి జరపండి.